బర్రెల కొట్టంలో కొత్త ప్రభుత్వం

మొన్నొక ఆదివారం, చర్చి అయిపోయాక, స్వప్న నన్ను భోజనానికి మదీనాగూడ తీసుకెళ్ళింది. హైవే నుంచి రెండో సందులో కొత్తగా పెట్టిన అరబ్బు తీరు మండి హోటలది. చెప్పులు బయట విప్పి, నేల మీద పరిచిన పరుపుల మీద కూర్చుని, ఒకే పెద్ద పళ్ళెంలో అందరూ కలిసి తినే చోటు. స్వప్న ఒకప్పుడు నా దగ్గర పదో తరగతి చదివిన పిల్ల. ఇప్పుడు హైటెక్ సిటీలో ఒక కంపెనీలో పన్నెండు మంది మీద పెద్ద. నాకు భయం వేసేంత వేగంగా కారు నడుపుతుంది, వద్దన్నా మాంసం ముక్కలన్నీ నా వైపుకే నెడుతుంది. సగం తిన్నాక చెయ్యి ఆపి, "టీచర్, మనం ఏడ కూసున్నమో ఎరుకేనా?" అని అడిగింది. చుట్టూ చూశాను. నీలం దీపాలు, గోడ మీద ఒంటెల బొమ్మలు, మూలన చేపల తొట్టె. "గా చేపలున్న కాడ మీ బోర్డుండె. ఇది మా నాయనమ్మ బర్రెల కొట్టం" అంది. నోటి దాకా వచ్చిన ముద్ద అక్కడే ఆగిపోయింది. ఇంటికి వచ్చాక ఒక వారం పాటు ఏ పని చేస్తున్నా ఆ కొట్టం వాసనే ముక్కుకు తగులుతూ ఉంది. ఎండుగడ్డి, సుద్దముక్కల పొడి, ఎప్పుడో అమ్మేసిన బర్రెలు వదిలి వెళ్ళిన ఒక వెచ్చటి వాసన. కూర్చుని రాస్తే తప్ప అది పోయేలా లేదు.

ఆ కొట్టం ముందున్న ఇంట్లోకి మేము కిరాయికి దిగినప్పుడు నాకు ఇరవయ్యారేళ్ళు. మాది రేపల్లె. నాన్న నా చిన్నప్పుడే పోయారు. అమ్మ నర్సు ఉద్యోగం చేస్తూ నన్ను చదివించింది, మియాపూర్ దగ్గర ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పని దొరికితే నన్ను వెంటబెట్టుకుని హైదరాబాదు వచ్చేసింది. ఇంటి యజమానురాలు యాదమ్మ. అరవై దాటిన మనిషి, కాళ్ళకు వెండి కడియాలు, బుగ్గన ఎప్పుడూ ఒక ఆకు మడత. కింద వాళ్ళుండేవారు, పైన రెండు గదుల్లో మేము. తెల్లారకముందే ఆవిడ వాకిట్లో చీపురు చప్పుడు మొదలయ్యేది. తర్వాత జొన్నరొట్టెలు చరిచే చప్పుడు, చప్పట్లలాగే వినిపించేది. అదే సమయానికి పైన అమ్మ కిటికీ దగ్గర మోకరించి గట్టిగా ప్రార్థన చేసుకునేది. గట్టిగా అనకపోతే నిద్ర ముంచుకొస్తుందని అమ్మ భయం. యాదమ్మ కింద నుంచి అంతా వినేది. ఒకరోజు ప్రార్థన మధ్యలో, "సిస్టరమ్మా, మా సత్తయ్య మోకాళ్ల నొప్పి గూడ జర మీ దేవునికి చెప్పరాదు" అని కేకేసింది. అమ్మ కళ్ళు తెరవకుండానే ఆ మాట కూడా కలిపేసింది. ఆ రోజు నుంచి సత్తయ్య మోకాళ్ళు మా ప్రార్థనలో రోజువారీ అంశమయ్యాయి.

సత్తయ్య యాదమ్మ కొడుకు, స్వప్న తండ్రి. ఆయనకు మేమంటే పడదని మొదట్లో అనుకునేదాన్ని. మెట్ల దగ్గర ఎదురైతే తల పక్కకు తిప్పుకునేవాడు. తర్వాత తెలిసింది సంగతి. మాదాపూర్ వైపు వాళ్ళకు నాలుగెకరాల చెలక భూమి ఉండేది. కంపెనీలు వస్తాయని తెలియకముందే అది చేతులు మారిపోయింది. దాని మీద అద్దాల మేడ లేచింది. సత్తయ్య ఒక క్యాబ్ కొనుక్కుని, రోజూ పొద్దున ఉద్యోగులను తీసుకెళ్ళి ఆ మేడ గేటు ముందే దించేవాడు. "మా నాయన దున్నిన జాగ అది. నన్ను గేటు దాటనియ్యరు, కార్డు లేదంటరు" అని ఒకసారి ఎవరితోనో అంటుంటే విన్నాను. ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం ఊపందుకున్నాక ఆయన మా వీధిలో దానికి ముందుండే మనిషయ్యాడు. క్యాబ్ అద్దం మీద జై తెలంగాణ అని పెద్ద అక్షరాలు రాయించాడు. ఆ అక్షరాలు రోజూ మా మెట్ల కిందే నిలబడి ఉండేవి. రేపల్లె నుంచి మా మేనమామ వారానికి రెండుసార్లు ఫోన్ చేసి, "అక్కడ పరిస్థితి బాలేదంట కదమ్మా. సామాన్లు సర్దుకుని వచ్చేయండి" అనేవాడు. అమ్మ సరే చూద్దాం అనేది, సర్దేది కాదు.

నేను దగ్గర్లోని ఒక చిన్న ప్రైవేటు బడిలో సాంఘికశాస్త్రం చెప్పేదాన్ని. అదే నా మొదటి ఉద్యోగం. పదో తరగతిలో స్వప్న కూడా ఉండేది. ఆ రోజు పాఠం, వలస దేశాలు స్వతంత్రం ఎలా తెచ్చుకున్నాయి, ప్రభుత్వాలు ఎలా ఏర్పాటు చేసుకున్నాయి అన్నది. ఆ పాఠమంటే నాకు పిచ్చి ఇష్టం. ఆఫ్రికాలో గోల్డ్‌కోస్ట్ అనే దేశంలో నాయకుడు జైల్లో ఉండగానే ఎన్నికల్లో గెలవడం, ఏ తెల్ల దొరల ప్రభుత్వం జైల్లో పెట్టిందో అదే ప్రభుత్వం అతన్ని బయటికి పిలిచి పాలనలో కూర్చోబెట్టడం, ఆ తర్వాత కొన్నేళ్ళకు ఆ దేశం ఘానా అని తన పేరు తనే పెట్టుకోవడం, అంతా కళ్ళకు కట్టేలా చెప్పాను. పిల్లలు బల్లలు చరిచారు. అప్పుడు స్వప్న లేచింది, రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు.

"టీచర్, ఒకటి అడుగుత. తిట్టరు గద?"

"అడుగు."

"మీరు ఆంధ్రోల్లు గదా. మరి మీరు మాకు ఇంగ్లీషోల్ల లెక్కనా?"

ముందు బెంచీలో భీమవరం నుంచి వచ్చిన తేజ అనే పిల్లాడు పుస్తకంలోకి తల దూర్చేశాడు. క్లాసులో సగం మంది నా మొహం చూస్తున్నారు, సగం మంది చూడలేకపోతున్నారు. "రేపు చెప్తాను" అన్నాను. టీచరు రేపు చెప్తానంటే తనకూ తెలియదని అర్థం. ఆ సంగతి పిల్లలకు బాగా తెలుసు.

ఇంటికి వచ్చేసరికి యాదమ్మ మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. మనసాగక జరిగింది చెప్పేశాను. మనవరాలి మీద కోప్పడుతుందేమో అనుకున్నాను. ఆవిడ చేతిలో కాయ ఆపి నా వైపు తిరిగింది.

"ఇంగ్లీషోడు ఎన్నడన్న కిరాయి గట్టిండా బిడ్డా?"

"లేదు పెద్దమ్మా."

"నువ్వు నెల నెల గడ్తున్నవ్. మరి నువ్వు ఇంగ్లీషోల్ల లెక్క ఎట్లయితవ్?"

నాకు నవ్వాగలేదు. ఆవిడ మాత్రం నవ్వలేదు. చేతిలో కాయ ఒలిచి, గింజలు చాటలో వేసి, "గని మా సత్తయ్య కోపం గూడ అబద్ధం కాదు. మా భూమిల మేడ లేసింది, మేము గేటు బయట నిలవడ్డం. గది గూడ నీ పుస్తకంల ఉందా లేదా చూడు" అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని రాస్తే గొప్పగా ఉంటుంది కానీ, హాయిగానే నిద్రపోయాను. పొద్దున్నే పళ్ళు తోముకుంటుండగా జవాబు తట్టింది. క్లాసులో బోర్డు మీద ఒకే మాట రాశాను, వలస అని. "తెలుగులో ఈ మాటకు రెండర్థాలు. పొట్ట చేతపట్టుకుని వేరే చోటికి వెళ్ళడం వలస. వెళ్ళిన చోట పెత్తనం చేయడం కూడా వలసే. మా అమ్మ మొదటి రకం. రెండో రకం వాళ్ళు కూడా లోకంలో ఉన్నారు, వాళ్ళకు ఏ ఊరని ఉండదు. ఇక, మా నేల మీద మా మాట ఎందుకు చెల్లదు అని ఘానా వాళ్ళు అడిగారు. మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు అడుగుతున్నదీ అదే. అడగడంలో తప్పు లేదు" అన్నాను. స్వప్న కూర్చుంది. తేజ తల బయటికి తీశాడు. నా మటుకు నేను గండం గడిచిందనుకున్నాను. గడవలేదు. కోస్తా వైపు తండ్రి ఒకాయన, టీచరు బడిలో ఉద్యమం నూరిపోస్తోందని ఫిర్యాదు చేశాడు. అదే సాయంత్రం స్థానికుడైన మరొక తండ్రి, ఆంధ్ర టీచరు మా పిల్లలకు మా సంగతి చెప్పడమేంటని ఫిర్యాదు చేశాడు. బడి నడిపే కరస్పాండెంటు గారు నన్ను పిలిచి, రెండు వైపులా వాయింపు తిన్న మనిషిలా నుదురు రుద్దుకుంటూ, "ఆ పాఠం వదిలేయండమ్మా. బిట్లు బట్టీ పట్టించండి, చాలు" అన్నారు. తలూపాను. ఉద్యోగం అవసరం.

కొద్ది రోజులకే రాష్ట్రం కోసం సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి, ఆఫీసులు ఆగిపోయాయి, బళ్ళు మూతపడ్డాయి. ఎప్పుడూ హోరెత్తే హైవే మీద పిల్లలు క్రికెట్ ఆడారు. ఒక ఉదయం అమ్మకు ఆసుపత్రి నుంచి ఫోన్, వార్డులో మనుషుల్లేరు ఎలాగైనా రమ్మని. తెల్లచీర కట్టుకుని నడిచి పోదామని దిగింది, నేనూ వెంట వెళ్ళాను. సందు చివర హైవే మీద అడ్డంగా రాళ్ళు, టైర్లు, వంద మంది జనం. ముందు సత్తయ్యే ఉన్నాడు. అమ్మ నా చెయ్యి వదిలించుకుని సూటిగా ఆయన దగ్గరికే వెళ్ళి, "సత్తయ్య గారండీ, డ్యూటీకి వెళ్ళాలి" అంది. ఆయన రెండు రాళ్ళు కాలితో పక్కకు నెట్టాడు, ఎవరిదో బైకు తీసుకున్నాడు, వెనక సీటు వైపు చూపించాడు. అమ్మ ఎక్కింది. పొద్దుటి నుంచి చెమటోడ్చి కట్టిన అడ్డాన్ని తనే దాటుకుని, దారి పొడవునా ప్రతి అడ్డం దగ్గరా "దవాఖాన సిస్టరమ్మ" అని చెప్పుకుంటూ దించి వచ్చాడట. ఆ తర్వాత సమ్మె అయిపోయేదాకా రోజూ అదే పని. ఇద్దరూ దారిలో ఏం మాట్లాడుకున్నారని అడిగితే, "మోకాళ్ళ గురించి" అంది అమ్మ.

ఇంట్లో కూర్చున్న పదో తరగతి పిల్లల గురించి నాకు బెంగగా ఉండేది. పరీక్షలు దగ్గర పడుతున్నాయి. మా గదుల్లో నలుగురికి మించి పట్టరు. యాదమ్మే ఇంటి వెనక కొట్టం తలుపు తీసి, "బర్రెలు ఎట్లాగూ లేవు. పిల్లలన్న ఉండనీ" అంది. మొదటి రోజు ఆరుగురు వచ్చారు, వారం తిరిగేసరికి పద్దెనిమిది మంది అయ్యారు. బోర్డు గోడకు ఆనించాం. గడ్డి వేసే గాడి మీద కూర్చుని అల్లరి పిల్లలు వినేవారు. లెక్కలు, సైన్సు చెప్పడానికి పక్కింటి ఇంజినీరింగ్ పిల్లలు వచ్చేవారు. నా వంతు వచ్చినప్పుడు, కరస్పాండెంటు గారికి ఇచ్చిన మాట బడికే కదా అని సర్దిచెప్పుకుని, వదిలేసిన పాఠం మళ్ళీ ఎత్తుకున్నాను. ఈసారి రెండో సగం. జెండా ఎగరేశారు, మిఠాయిలు పంచారు, మరి తెల్లవారి నుంచి ఏం చేయాలి. మన దేశంలో రాజ్యాంగం రాసుకోవడానికి మూడేళ్ళు దగ్గర దగ్గర పట్టింది. ఇండోనేషియాలో వందల భాషలు. వాళ్ళు ఎక్కువ మంది మాట్లాడే భాషను అందరి మీదా రుద్దకుండా, రేవుల్లో వర్తకులు మాట్లాడుకునే భాషను దేశభాషగా పెట్టుకున్నారు. ఇవన్నీ చెప్పి, "ఈ కొట్టం ఒక కొత్త దేశం. మీరే ప్రభుత్వం. కానీండి" అన్నాను.

మూడు రోజులు కొట్టుకున్నారు. మొదటి రోజంతా మంత్రి పదవులతోనే పోయింది. పద్దెనిమిది మంది జనాభాకు పదకొండు మంది మంత్రులు తేలారు. రెండో రోజు తేజ మెల్లగా చెయ్యెత్తాడు. "మాది భీమవరం కదా. మరి మేము ఈ దేశం వాళ్ళమా కాదా?" అన్నాడు. వాడు ఆటగా అడగలేదని అందరికీ తెలిసిపోయింది. ప్రధానమంత్రి స్వప్న. కొరుకుతున్న జడ కొస నోట్లోంచి తీసింది. "ఈడ కూసోని చదివెటోల్లంత ఈ దేశపోల్లే. గని ఒకటి. మేము మాట్లాడితే మీరు నవ్వొద్దు. మా మాట సినిమాలల్ల రౌడీలకే పెడ్తరు, మీరు నవ్వుతరు" అంది. తేజ మొహం ఎర్రబడింది. "నవ్వను" అన్నాడు. అది చట్టంగా రాసుకున్నారు. ఆ చట్టం నేనూ రాసుకున్నాను, ఎందుకంటే నేను కూడా మనసులో ఎన్నోసార్లు నవ్వినదాన్నే. మూడో రోజు గుమ్మంలో కూర్చుని ఆకు నములుతున్న యాదమ్మ, "మంత్రులందరయిరి. నీళ్లెవలు దెస్తరు? ట్యాంకరొచ్చి నాలుగు దినాలాయె" అని అడిగింది. ఎవరికీ ఆ శాఖ గుర్తు రాలేదు. అందరూ కలిసి ఆవిడనే నీళ్ళ మంత్రిని చేశారు. పదవి తీసుకున్న వెంటనే ఆవిడ మొదటి ఉత్తర్వు జారీ చేసింది, ప్రభుత్వమంతా తలా ఒక బిందె పట్టుకుని బోరింగు దగ్గరికి పోవాలని.

ఆ బిందెలు మోసుకొస్తున్నప్పుడే చూశాను, కొట్టం గోడ వెనక సత్తయ్య నిలబడి ఉన్నాడు. ఎన్ని రోజుల నుంచి వింటున్నాడో తెలియదు. లోపలికి వచ్చాడు. పిల్లలు బిందెలు కింద పెట్టారు. ఇక ఇల్లు ఖాళీ చేయమంటాడనుకున్నాను.

"టీచరమ్మా, గా ఘానా దేశం. రాజ్యం చేతికొచ్చింది. తర్వాత ఏమైంది?"

తీయగా చెప్పి పంపేయవచ్చు. కానీ ఆయన అడిగిన తీరు చూసి అబద్ధం ఆడబుద్ధి కాలేదు. "మొదట్లో బడులు, ఆనకట్టలు కట్టారండి. తర్వాత ఆ నాయకుడే తనకు ఎదురు చెప్పేవాళ్ళను జైల్లో పెట్టించాడు. సైన్యం అతన్ని దించేసింది. చాలా ఏళ్ళు తిప్పలు పడ్డారు. ఇప్పుడు ఎన్నికలు పెట్టుకుంటారు, ఓడినవాళ్ళు కుర్చీ దిగి ఇంటికి పోతారు" అన్నాను.

సత్తయ్య గాడి మీద కూలబడ్డాడు, మోకాళ్ళు పట్టుకుని. "గిది మాకెవ్వరు చెప్పలే. అందరు తెచ్చుకునుడు గురించే చెప్తున్నరు. తెచ్చుకున్నంక ఎట్ల నడుపుకోవాల్నో ఎవ్వరు చెప్తలేరు." లేచి వెళ్ళబోతూ ఆగాడు. "ఎల్లుండి హైవే మీద వంటావార్పు ఉన్నది. నువ్వొచ్చి గీ ముచ్చట చెప్పాలె."

వంటావార్పు నేనూ చూసినదే. రోడ్డు మీద పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే తిని నిరసన తెలపడం ఆ రోజుల్లో ఊరంతా జరిగేది. అక్కడ రేపల్లె యాస వినబడితే ఏమవుతుందో అన్న భయం. అమ్మ మాత్రం, "పిలిచినప్పుడు వెళ్ళాలి. ఖాళీ చేతులతో మాత్రం వెళ్ళకూడదు" అని చర్చికి బయల్దేరింది. క్రిస్మస్‌కు వండే పెద్ద డేగిసాలు అడగడానికి. మా చర్చిలో ఎక్కువ మంది కోస్తా వాళ్ళే. ఒక పెద్దాయన, మనల్ని పొమ్మనే వాళ్ళకు మన గిన్నెలా అన్నాడట. "పొమ్మన్నవాళ్ళు ఎవరో నాకు తెలియదండి. నన్ను రోజూ ఆసుపత్రిలో దించేవాళ్ళు మాత్రం వాళ్ళే" అంది అమ్మ. పాస్టరు గారు లేచి సామాన్ల గది తాళం ఇచ్చారు.

ఆ రోజు హైవే ఒక పెళ్ళివారి వంటశాలలా ఉంది. డివైడరు పొడవునా రాళ్ళ పొయ్యిలు, పొగ, తాలింపు ఘాటు, డప్పులు. చర్చి పేరు చెక్కిన డేగిసాల్లో పప్పుచారు మరుగుతోంది. యాదమ్మ పొడుగాటి గరిటెతో వాటికి కాపలా. సత్తయ్య మైకు నా చేతికిచ్చాడు. "అందరికీ నమస్కారమండి" అన్నాను. ఆ ఒక్క అండితో దొరికిపోయాను.

"ఏ ఊరమ్మా నీది?" అని జనంలోంచి ఎవరో.

"రేపల్లెండి."

గుసగుసలు పాకాయి. డప్పు ఆగింది. యాదమ్మ గరిటె పైకెత్తి, "ఏ ఊరైతేంది, ముచ్చట ఇనుర్రి. బువ్వ ఇంక ఉడకలే" అంది. బువ్వ ఉడకలేదు కాబట్టి విన్నారు. ఘానా చెప్పాను, ఇండోనేషియా చెప్పాను, జైలు నుంచి వచ్చిన నాయకుడు తన వాళ్ళనే జైల్లో పెట్టిన సంగతి దాచకుండా చెప్పాను. మా కొట్టం దేశంలో నీళ్ళ శాఖ మరిచిపోయారని చెబితే అందరూ నవ్వారు. మధ్యలో కరెంటు పోయి మైకు ఆగిపోయింది. మిగతాది గొంతు చించుకుని చెప్పాను. అయిపోయాక ఒక ముసలాయన లేచి, "మా సర్కారొస్తే మరి మీరు ఉంటరా, పోతరా?" అని అడిగాడు.

నిజం చెప్పాలంటే రాష్ట్రం విడిపోవడం నాకు ఇష్టం లేదు. వాళ్ళ బాధ అర్థమయ్యాక కూడా ఇష్టం లేదు. రెండూ ఒకే మనిషిలో ఉండగలవని అప్పుడే తెలిసింది నాకు. "తెలియదండి. మీరు ఉండమంటారా?" అన్నాను. ఆయన అటూ ఇటూ చూశాడు. "ముందుగాల తిను" అన్నాడు.

ఆ రోజు తిన్నవాళ్ళలో సగం మంది ఉద్యమకారులు కూడా కాదు. రోడ్డు ఆగిపోవడంతో కంపెనీల క్యాబుల్లో ఇరుక్కున్న సాఫ్ట్‌వేర్ పిల్లలు ఆకలికి తట్టుకోలేక ఒక్కొక్కరే దిగి వచ్చారు, మెడలో కార్డులు వేలాడుతుండగా. ఒక అమ్మాయి మా అమ్మ చెవి దగ్గర వంగి, "ఆంటీ, మాది ఏలూరు. తినొచ్చా?" అని అడిగింది. "పప్పుచారుకు ఊరేంటమ్మా. కూర్చో" అంది అమ్మ, ఆకు వేస్తూ. ఆ కార్డులు పప్పుచారులో మునగకుండా అందరూ వాటిని భుజం మీదుగా వెనక్కి తిప్పుకుని తిన్నారు.

ఆ తర్వాత ఇంకా చాలా కాలం పట్టింది. బళ్ళు తెరిచారు, స్వప్నా తేజా మంచి మార్కులతో పాసయ్యారు, కరస్పాండెంటు గారు నన్ను ఉద్యోగంలోంచి తీయలేదు. రాష్ట్రం వస్తోందని టీవీలో ఖాయంగా చెప్పిన సాయంత్రం వీధంతా టపాసులు. అమ్మ వంటింట్లో అవసరం లేని ఉల్లిపాయలు కోస్తూ కూర్చుంది. సత్తయ్య మొదటిసారి మెట్లెక్కి మా గుమ్మం దాకా వచ్చాడు, చేతిలో లడ్డూల పొట్లం. అమ్మ కళ్ళు చూసి అక్కడే ఆగిపోయాడు.

"సిస్టరమ్మా, ఇల్లు ఖాళీ జేస్తరా?"

"చేయమంటున్నారాండి?"

"నేనేడన్న? నేను పరేషాన్ అయితున్న, మీరు పోతరేమోనని."

అమ్మ మొహం తుడుచుకుని, "ఉల్లిపాయలండి" అంది. తర్వాత లేచి సేమ్యా పాయసం కాచింది. రేపల్లెకు తనే ఫోన్ చేసి, తమ్ముడూ మేము రావడం లేదు, సామాన్లు ఎక్కువైపోయాయి అని చెప్పింది. ఆ తర్వాతి ఎన్నికల్లో మా ఇద్దరి ఓట్లూ ఇక్కడే వేశాం. వరసలో అమ్మ, నేను, యాదమ్మ, వెనక సత్తయ్య. ఎవరికి వేశావని యాదమ్మను అడిగితే, "గది చెప్పొద్దని నువ్వే గదా పిల్లలకు చెప్పినవ్" అంది. కొత్త ప్రభుత్వం ప్రమాణం చేస్తుంటే కింద వాళ్ళింట్లో అందరం కలిసి చూశాం. సత్తయ్య చేతులు కట్టుకుని, బడిలో పిల్లాడిలా కూర్చున్నాడు. ఒక్కొక్క మంత్రీ లేచి ప్రమాణం చదువుతుంటే యాదమ్మ, "గీళ్లల్ల నీళ్లాయన ఎవలు?" అని నాలుగుసార్లు అడిగింది.

యాదమ్మ పోయి ఐదేళ్ళయింది, ఆ ఇల్లూ కొట్టమూ తర్వాత అమ్మేశారు. అమ్మ రిటైరయింది, ఇప్పుడు మేము ప్రగతి నగర్‌లో ఉంటున్నాం. అమ్మ భాష ఇప్పుడు ఎవరికీ అంతుపట్టదు. కూరగాయల బండి దగ్గర "ఏందండీ, గింత పిరమా?" అంటుంది. సత్తయ్య ఇప్పటికీ కొత్త ప్రభుత్వాలను తిడుతూనే ఉంటాడు, ఒకటి దిగి ఇంకొకటి ఎక్కినా. తిట్టేటప్పుడు ఆయన మొహంలో మునుపటి మంట ఉండదు, సొంతింటి గోడ మీద చెమ్మ చూసి విసుక్కునే మనిషిలా ఉంటాడు. ఆ మార్పు కోసమే అంత కొట్లాట అని నాకు కొన్నిసార్లు అనిపిస్తుంది. అన్నీ అనుకున్నట్టు కాలేదు. మా అపార్టుమెంటులో పక్క ఫ్లాటు వాళ్ళ పేరు నాకు తెలియదు, ట్యాంకరు ఇప్పటికీ ఆలస్యంగానే వస్తుంది. అయినా ఎవరి మాట విన్నా ఎవరూ నవ్వని తరం ఒకటి నా కళ్ళ ముందే పెరిగింది. అది చిన్న సంగతి కాదు.

ఇప్పుడు నేను నార్సింగి దగ్గర ప్రభుత్వ బడిలో చెబుతున్నాను. చుట్టూ నలభై అంతస్తుల మేడలు లేస్తున్నాయి. వాటిని కడుతున్న ఒడిశా, బీహారు కూలీల పిల్లలు నా క్లాసులో పన్నెండు మంది. కిందటి వారం మళ్ళీ ఆ పాఠమే వచ్చింది. నేను ఘానా జెండా బోర్డు మీద గీస్తుంటే, వెనక బెంచీలోంచి మినతి లేచింది. వాళ్ళ నాన్న సెంట్రింగ్ పని చేస్తాడు, ఒడిశా నుంచి వచ్చి రెండేళ్ళయింది. "టీచర్, ఈ రాష్ట్రంల పుట్టినోల్లు వీల్లంత ఇక్కడోల్లు. మరి మేము ఎవరం?" అని, నేర్చుకున్న తెలుగులో ఒక్కో మాటా ఏరుకుంటూ అడిగింది. సుద్దముక్క పక్కన పెట్టి, ఎక్కడి నుంచి మొదలుపెట్టాలా అని గొంతు సవరించుకున్నాను. నేను నోరు తెరిచేలోపే ముందు బెంచీ నుంచి క్లాస్ లీడర్ లక్ష్మి వెనక్కి తిరిగింది.

"హాజరుల నీ పేరున్నది గద, పొద్దుగాల టీచర్ పిలిస్తే పలికినవ్ గద. కూసో. పాఠం కానియ్యి."

మినతి కూర్చుంది. నేను సుద్దముక్క తీసుకున్నాను.